ఆమె పని కూడా చెప్పండి



ఆదరణ కూడికలకు మీరు అచ్చు వేయించే కార్డులను మేము పారేయము. ఒక అట్టపెట్టెలో దాచి ఉంచుతాము. పేర్లూ తేదీలూ మరచిపోకుండా, ఏడాది తిరిగేసరికి ఆ ఇంటికి వెళ్లి ప్రార్థన చేసి రావడానికి అవి పనికివస్తాయి. ఈ మధ్య వాటిని వరుసగా పేర్చుకుంటుంటే ఒక సంగతి కంటబడింది. మగవారి కార్డు మీద పేరు కింద ఇంకో వరుస ఉంటుంది. రిటైర్డ్ హెడ్మాస్టరు, మాజీ వార్డు మెంబరు, చేపల చెరువు రైతు, రైల్వే గ్యాంగ్‌మన్, తాపీమేస్త్రి. ఆడవారి కార్డు మీద ఆ వరుస లేదు. ఫలానా గారి సతీమణి, ఫలానా వారి మాతృమూర్తి, అంతే. రెండు మూడు కార్డుల మీదైతే చనిపోయిన తల్లి పేరుకంటే పిలుస్తున్న కొడుకు పేరే పెద్ద అక్షరాల్లో ఉంది!

కూడికలో చెప్పే సాక్ష్యాలూ అలాగే ఉంటున్నాయి. మంచి తల్లి, భర్తను గౌరవించింది, ఇంటికి వచ్చిన వారికి అన్నం పెట్టకుండా పంపలేదు. ఇందులో ఒక్క మాటా అబద్ధం కాదు. ఆమె ఇరవై ఏళ్లు తెల్లవారకముందే లేచి చేపల తట్టతో ఎన్ని ఊళ్లు తిరిగిందో మాత్రం ఎవరూ చెప్పరు. రొయ్యల షెడ్డులో నిలువుకాళ్ల మీద నిలబడి, ఐసు నీళ్లలో నానిన వేళ్లతో తలలు తీసి ఏ పిల్లను నర్సు చదివించిందో చెప్పరు. చెప్పకూడదని కాదు. అది చెప్పవలసిన సంగతని తోచదు. ఈ వారం దాని గురించి కొంచెం గట్టిగానే మాట్లాడాలనుకుంటున్నాము.

ముందుగా ఒక స్త్రీని జ్ఞాపకం చేసుకుందాము. మనవాళ్లు ఆమె పేరు విని ఉండరు. విననందుకు మన తప్పేమీ లేదు, ఆమె సొంత దేశంలోనే చాలామంది వినలేదు.

పారిస్ గుండా సీన్ అనే నది పారుతుంది. ఆ నది మీద, మ్యులాన్ అనే ఊరి దగ్గర, 1900 మే 22న తెరచాప పడవల పందెం జరిగింది. ఆ ఏటి ఒలింపిక్ ఆటల్లో అదొక భాగం. ఒకటి నుంచి రెండు టన్నుల పడవల తరగతిలో లెరినా అనే పడవ గెలిచింది. అందులో ముగ్గురున్నారు. స్విట్జర్లాండ్ దేశస్థుడైన హెర్మాన్ ద పూర్తాలెస్, ఆయనకు వరసకు కొడుకయ్యే బెర్నార్, ఆయన భార్య ఎలెన్. ఒలింపిక్ ఆటల చరిత్రలో గెలిచిన మొట్టమొదటి స్త్రీ ఈ ఎలెనే. అసలు స్త్రీలను ఒలింపిక్స్‌లోకి రానిచ్చిందే ఆ సంవత్సరం. మొత్తం 997 మంది ఆటగాళ్లలో స్త్రీలు 22 మంది.

ఆమె 1868లో న్యూయార్క్‌లో పుట్టింది. 1891లో హెర్మాన్‌ను పెళ్లి చేసుకుంది. ఆయన ఆమెకంటే ఇరవై ఒక్క ఏళ్లు పెద్ద. మొదటి భార్య చనిపోయింది, ఆమె పిల్లలున్నారు. వారిలో ఒకరైన గీ ద పూర్తాలెస్ తరువాతి కాలంలో ఫ్రెంచి భాషలో పేరున్న రచయిత అయ్యాడు. అంటే తల్లి పోయిన పిల్లలున్న ఇంట్లోకి సవతి తల్లిగా అడుగుపెట్టిందన్నమాట. అది ఎంత బరువైన పనో మన సంఘంలో కొందరు తల్లులకు బాగా తెలుసు. పందెం గెలిచిన నాలుగేళ్లకు, 1904లో, భర్త చనిపోయాడు. ఆమె ఇంకా నలభై ఒక్క ఏళ్లు బ్రతికి 1945లో జెనీవాలో కన్నుమూసింది.

1900 జూలైలో షార్లట్ కూపర్ అనే ఇంగ్లీషు స్త్రీ అదే ఒలింపిక్స్‌లో టెన్నిస్ గెలిచింది. చాలా కాలం ఒలింపిక్స్ గెలిచిన మొదటి స్త్రీ ఎవరంటే అందరూ ఆమె పేరే చెప్పేవారు. ఒంటరిగా ఆడి గెలిచిన మొదటి స్త్రీ ఆమే, అందులో సందేహం లేదు. అయితే ఆమెకంటే ఏడు వారాల ముందే ఎలెన్ గెలిచింది కదా? ఆ పేరు ఎందుకు నిలవలేదు? మాకు తోచిన కారణం ఒక్కటే. భర్త పడవలో భార్య కూర్చుంది, అంతే కదా అనుకున్నారు.

పడవ ఎక్కినవారు ఆ మాట అనరు. చిన్న తెరచాప పడవలో ఊరకే కూర్చునే మనిషి ఉండడు. ముగ్గురుంటే ముగ్గురూ పనిచేయాలి. గాలి ఒక పక్కకు తోస్తుంటే శరీరాన్ని ఇంకో పక్కకు వాల్చి పడవను నిలబెట్టాలి. తాడు ఎప్పుడు బిగించాలో, ఎప్పుడు వదలాలో క్షణంలో తేల్చుకోవాలి. అందులోనూ నది మీద గాలి సముద్రపు గాలిలా నిలకడగా ఉండదు. గట్టు మీద చెట్లు అడ్డం వస్తే చచ్చిపోతుంది, వంపు తిరిగితే ఎదురు తన్నుతుంది. ఉప్పుటేరులో పడవ నడిపిన మన పెద్దలను అడిగితే ఇది మాకంటే బాగా చెబుతారు. ఆ ముగ్గురిలో ఒక్కరు పని మానినా ఆ పడవ గెలిచేది కాదు.

ఇక వాక్యంలోకి వద్దాము. సామెతల గ్రంథము 31వ అధ్యాయం మన స్త్రీల కూడికల్లో ఎన్నిసార్లు చదివామో లెక్కలేదు. పెళ్లిళ్లలో చదువుతాము, ఆదరణ కూడికల్లో చదువుతాము. చదివినప్పుడల్లా పిల్లలు లేచి ఆమెను ధన్యురాలు అనడం దగ్గర, భర్త పొగడటం దగ్గర ఆగిపోతాము. 14వ వచనం దగ్గర ఎవరైనా ఆగారా? అక్కడ లేఖనం ఆమెను ఓడలతో పోల్చింది, దూరం నుంచి ఆహారం తెచ్చే వర్తకుల ఓడలతో. ఇశ్రాయేలీయులు సముద్రానికి అలవాటు పడినవారు కారు. వారికి సముద్రమంటే భయం. అలాంటి జనం మధ్య ఇల్లు నడిపే ఇల్లాలికి పోలిక వెదికినప్పుడు పొయ్యో దీపమో దొరకలేదా? దీపం కూడా ఆ అధ్యాయంలోనే ఉంది, రాత్రివేళ ఆరని దీపం. దానికంటే ముందు ఓడ వచ్చింది. ఆ తరువాత ఆమె పొలం చూసి బేరం చేసి కొంటుంది, తన చేతి సంపాదనతో ద్రాక్షతోట వేయిస్తుంది, నేసిన బట్టలు అమ్ముతుంది. చివరి వచనంలో ఊరి గవినిలో, అంటే పెద్దలు కూర్చునే చోట, ఆమెను కొనియాడవలసినవి ఆమె పనులే. పిల్లల పొగడ్త ఇంట్లో జరిగింది. పనుల పొగడ్త ఊరి నడుమ జరగాలని వాక్యం అడుగుతోంది. మనం మొదటిది చేసి రెండోది వదిలేశాము.

ఇంకొక సంగతి. ఆ అధ్యాయం మొదట్లో మన తెలుగు బైబిలు ఆమెను గుణవతి అంటుంది. హెబ్రీలో అక్కడున్న మాట హయిల్. న్యాయాధిపతుల గ్రంథంలో దేవదూత గిద్యోనును పరాక్రమశాలి అని పిలిచినప్పుడూ అదే మాట ఉంది. రూతు గ్రంథం 3వ అధ్యాయంలో బోయజు రూతును పిలిచిందీ ఆ మాటతోనే. అప్పటికి రూతుకు భర్త లేడు, పిల్లలు లేరు, పరాయి పొలంలో పరిగె ఏరుకుని అత్తను పోషిస్తోంది. ఆమె ఆ పేరు ఎలా సంపాదించుకుందో మనం ఆలోచించాలి.

ఇదంతా దొరసానుల కథ, పాత నిబంధన కథ అనుకోకండి. మన తెలుగు ఇళ్లలోంచి వెళ్లిన ఆడపిల్లల సంగతి చెబుతాము. వీళ్లు సజీవులు, దేవుడు వీరికి దీర్ఘాయుష్షు దయచేయును గాక. మనిషి పోయాకే జ్ఞాపకం చేసుకోవాలని ఎక్కడా లేదు కదా.

2017 సెప్టెంబరు 10న గోవా నుంచి తారిణి అనే తెరచాప నావ బయలుదేరింది. పొడవు సుమారు 17 మీటర్లు. అంటే మన మందిరం గుమ్మం నుంచి ప్రసంగ వేదిక దాకా కూడా రాదేమో. అందులో మన నౌకాదళానికి చెందిన ఆరుగురు స్త్రీలు, వారు తప్ప ఇంకెవరూ లేరు. నాయకురాలు వర్తికా జోషి. ఆమెతో ప్రతిభా జమ్వాల్, విజయాదేవి, పాయల్ గుప్తా, మన విశాఖపట్నం నుంచి పి. స్వాతి, హైదరాబాదు నుంచి ఐశ్వర్య బొడ్డపాటి. ప్రతిభ ఊరు హిమాచల్ ప్రదేశ్‌లోని కుల్లు. అక్కడ సముద్రపు ఆనవాలే లేదు. సముద్రం పక్కన పుట్టినవారికే ఈ పని చేతనవుతుందనుకుంటే పొరపాటని దేవుడు ఇలా కూడా చూపిస్తాడు.

ఆస్ట్రేలియాలో ఫ్రీమాంటిల్, న్యూజీలాండులో లిటిల్టన్, ఫాక్‌లాండ్ దీవుల్లో పోర్ట్ స్టాన్లీ, దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్. ఇలా భూగోళం చుట్టూ తిరిగి 2018 మే 21న మళ్లీ గోవా చేరారు. 254 రోజులు, 21,600 నాటికల్ మైళ్లకు పైగా, అంటే మన లెక్కలో ఇంచుమించు నలభై వేల కిలోమీటర్లు. ఆ డిసెంబరు 25న మనం కొత్త బట్టలు వేసుకుని మందిరంలో క్రిస్మస్ ఆరాధన చేసుకుంటుంటే వాళ్లు పసిఫిక్ మహాసముద్రం నడుమ ఉన్నారు. చుట్టూ ఏ ఒడ్డూ లేదు. ఆ ప్రయాణంలోనే గంటకు 140 కిలోమీటర్ల గాలిని, రెండు మూడంతస్తుల మేడంత ఎత్తు అలలను దాటారు. జనవరి 18న కేప్ హార్న్ అనే కొమ్మును చుట్టివచ్చారు. ఎన్ని ఓడలు అక్కడ మునిగాయో చెప్పలేము, నావికులు దాని పేరు చెబితేనే జంకుతారు. ఇక ఇంటికి వచ్చేస్తున్నామనుకునే వేళకు చుక్కాని నడిపే సాధనం పాడైంది. దారి మళ్లించి మారిషస్‌లో ఆగి బాగుచేయించుకుని వచ్చారు. తీరా గట్టు చేరబోతుండగా ఇబ్బంది రావడం మన బ్రతుకుల్లోనూ ఉన్నదే.

వారికి నారీ శక్తి పురస్కారం ఇచ్చారు. పేపర్లలో ఫొటోలు వచ్చాయి. మాకు మాత్రం ఆ ఫొటోలకంటే ఆ పడవ లోపలి జీవితమే ఎక్కువ ఆలోచన పుట్టించింది. ఎందుకంటే అది అచ్చంగా ఇల్లు. రెండు ఊళ్ల మధ్య నెల, నెలన్నర ప్రయాణం. న్యూజీలాండు నుంచి ఫాక్‌లాండ్ చేరడానికి 41 రోజులు పట్టింది. మధ్యలో దుకాణం లేదు. బియ్యం, పప్పు, మంచినీళ్లు, మందులు లెక్కవేసి సర్దుకోవాలి. వంతుల ప్రకారం రాత్రి మేలుకోవాలి. ఒకరు చుక్కాని దగ్గరుంటే ఒకరు వండాలి. ఇలాంటి నావల్లో పొయ్యిని ఊయలలాగా వేలాడేటట్టు బిగిస్తారట, పడవ ఎటు ఒరిగినా గిన్నె ఒలకకుండా. చిరిగిన తెరచాప కుట్టుకోవాలి. కలిసిరాని రోజున కూడా పక్కమనిషితో మాట్లాడాలి, ఎందుకంటే అలిగి వెళ్లడానికి ఇంకో గది లేదు. నెలాఖరుకు బియ్యం డబ్బాలోకి తొంగిచూసి లెక్కవేసే తల్లికి, జ్వరం పిల్లాడి పక్కన తెల్లవార్లూ మేలుకునే తల్లికి ఇందులో కొత్త సంగతి ఏముంది? మంచి నావికురాలు, మంచి ఇల్లాలు అని మనం రెండు పేర్లు పెట్టాము గాని, అవసరమయ్యే గుణాలు రెండు కావు. మెలకువ, లెక్క, ఓర్పు, భయపడుతూనే చేయి ఆడించడం. సామెతల గ్రంథకర్తకు ఇది తెలుసు కాబట్టే ఇల్లాలిని వర్ణిస్తూ ఓడను తెచ్చాడు.

ఇప్పుడు మన కొల్లేరుకు వద్దాము. చెరువుల గట్లూ రోడ్లూ ఇన్ని లేని రోజుల్లో లంక ఊళ్ల నుంచి ఎటు కదలాలన్నా దోనె ఎక్కాలి. తాటిబొద్దు తొలిచి చేసిన దోనె, చేతిలో గెడ. ఆ రోజులు చూసిన తల్లులు మన సంఘంలో ఇంకా నలుగురైదుగురు ఉన్నారు. పది పన్నెండేళ్ల వయసులోనే గెడ పట్టామని చెబుతారు. చేపలు తట్టలకెత్తుకుని, చంటిపిల్లను దోనెలో పడుకోబెట్టుకుని, పొద్దు పొడవకముందే ఒడ్డుకు చేరేవారు. వర్షాకాలంలో కొల్లేరు నిండినప్పుడు నీటికి అంతు కనబడదు. గడ్డి దుబ్బులనూ పక్షుల గుంపులనూ గుర్తుపెట్టుకుని దారి పోల్చుకునేవారట. గాలి మారితే దోనె ముక్కు ఎటు తిప్పాలో, ఎక్కడ గెడ బురదలో దిగబడిపోతుందో వారికి ఎవరూ బడిలో చెప్పలేదు. సరస్సులో చేపల చెరువులు లేచాయి, 1999లో అభయారణ్యం అయింది, 2006లో చెరువులు కొట్టేశారు. ఈ గొడవలన్నిటి మీద ఎన్నో వార్తలూ నివేదికలూ వచ్చాయి. గెడ పట్టిన ఆ తల్లుల మీద ఎవరూ రెండు వరుసలు రాయలేదు. మేము కూడా వారిని ఎన్నో ఏళ్లుగా ఫలానా వారి అమ్మగారనే ప్రార్థనలో జ్ఞాపకం చేస్తున్నాము.

మన ఆకివీడుకు వాక్యం వచ్చిన దారి కూడా నీటిదారే. 1880 ప్రాంతంలో కెనడియన్ బాప్టిస్టు మిషన్ ఇక్కడ మొదలైనప్పుడు మిషనరీలు కాలువల మీద పడవల్లోనే పల్లెలు తిరిగేవారు. స్టార్ ఆఫ్ హోప్ ఆసుపత్రిలో సేవచేసిన డాక్టర్ పెర్ల్ చ్యూట్ దొరసాని ఒక మిషనరీ భార్య, ఆపైన వైద్యురాలు. ఆమెను ఈ ఊరు ఎలా గుర్తుపెట్టుకుంది? దొరగారి భార్య అని కాదు, డాక్టరమ్మ అని. చూశారా, చేయగలిగినప్పుడు మనం చేయగలము. దూరం నుంచి వచ్చిన స్త్రీకి ఇచ్చిన ఆ మర్యాద మన ఇంటి స్త్రీకి ఇవ్వడం దగ్గరే చేయి వెనక్కి పోతుంది.

క్రొత్త నిబంధనలో ఒక స్త్రీ ఆదరణ కూడిక వివరంగా కనబడుతుంది. అపొస్తలుల కార్యములు 9వ అధ్యాయం. ఊరు యొప్పే. అది ఓడరేవు, దేవుని దగ్గరనుంచి పారిపోవాలనుకున్న యోనా ఓడ ఎక్కిన ఊరు అదే. అక్కడ తబితా అనే శిష్యురాలు జబ్బుచేసి చనిపోయింది. గ్రీకులో ఆమెను దొర్కా అనేవారు. పేతురు వచ్చేసరికి మేడగదిలో విధవరాండ్రు ఏడుస్తూ నిలబడి ఉన్నారు. వారు ఏం చేశారో గమనించండి. ఆమె ఎవరి భార్యో చెప్పలేదు. ఎవరి తల్లో చెప్పలేదు. లూకా అసలు ఆ వివరమే రాయలేదు. ఆమె తమతో ఉన్నప్పుడు కుట్టిన అంగీలను, వస్త్రాలను తెచ్చి పేతురుకు చూపించారు. ఇదిగో ఈ కుట్టు ఆమెది, ఈ అంచు ఆమె వేసింది అని ఉంటారు. ఏడుపు మధ్యలో చేతి పనిని చూపించిన ఆ విధవరాండ్రు మనకంటే బాగా ఆదరణ కూడిక జరిపారు. పేతురు మోకాళ్లూనింది ఆ బట్టలు చూసిన తరువాతే.

ఇక్కడ కొందరు పెద్దలు అడ్డం వస్తారని మాకు తెలుసు. అయ్యగారూ, తీతు పత్రికలో స్త్రీలు ఇంట్లో ఉండి పనిచేసుకోవాలని పౌలు రాయలేదా? రాశాడు. ఆ మాటను మేము తీసివేయడం లేదు. ఇల్లు నిలబెట్టిన స్త్రీకంటే కప్పు గెలిచిన స్త్రీ గొప్పదని కూడా మేము అనము. ఈ మధ్య టీవీల్లో ఆ తిక్క కూడా కనబడుతోంది, పతకం లేని తల్లి తల్లే కాదన్నట్టు. మా ప్రశ్న వేరు. పౌలుకు ఆతిథ్యం ఇచ్చిన లూదియ ఊదారంగు పొడి అమ్మేదని లేఖనం రాసింది. ప్రిస్కిల్ల భర్తతో కలిసి డేరాలు కుట్టేదని రాసింది. వారి వృత్తి చెబితే వారి భక్తి తగ్గిపోతుందని పరిశుద్ధాత్మ దేవుడు అనుకోలేదు. మగవాడి కార్డు మీద రిటైర్డ్ హెడ్మాస్టరు అని వేసినప్పుడు అది గర్వం కానిది, ఆమె కార్డు మీద చేపల వర్తకురాలు అని వేస్తే గర్వమెలా అవుతుంది?

చనిపోయినవారి కార్డుల గురించి ఇంత రాద్ధాంతం ఎందుకు అనుకోవచ్చు. అది బ్రతికున్న పిల్లల మీదకు వస్తుంది కాబట్టే. మన సంఘంలోని ఒక బిడ్డ ఇంటర్ ఎంపీసీ పూర్తిచేసి నౌకాదళంలో అగ్నివీర్‌గా చేరాలని సిద్ధపడుతోంది. తెల్లవారుజామున చెరువు గట్టు మీద పరుగు సాధన చేస్తోంది. 2022 నుంచి నౌకాదళం అమ్మాయిలను కూడా అగ్నివీరులుగా తీసుకుంటోంది, ఒడిశాలోని చిల్కాలో శిక్షణ ఇస్తోంది. తండ్రికి ఇష్టమే. తల్లి ఏమీ అనడం లేదు. నాయనమ్మకు ససేమిరా ఇష్టం లేదు. మమ్మల్ని పిలిపించి పిల్లకు బుద్ధి చెప్పమన్నారు.

"ఆడపిల్ల ఓడెక్కి తిరిగితే రేపు ఎవరు చేసుకుంటారండి అయ్యగారూ?"

"మీరు పెళ్లికి ముందు నుంచీ దోనె తోశారు కదమ్మా. తుఫాను గాలిలో కూడా వచ్చేదాన్నని మీరే చెప్పారు."

"అది వేరండి. అది పొట్టకూటికి. అదీ ఒక పనేనా అండి?"

ఆ మాటకు మా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది. కొల్లేటి మీద నలభై ఏళ్లు గెడ పట్టిన మనిషి, ఆ దోనె మీద సంపాదించి ముగ్గురు పిల్లలను పెంచిన మనిషి, అది పని కాదంటున్నారు. ఎవరూ ఎన్నడూ ఆమెతో అది పని అని చెప్పలేదు. ఆమె కళ్లకే ఆమె చేతి నేర్పు కనబడనప్పుడు అదే నేర్పు మనవరాలి ఒంట్లో ఉందని ఎలా కనబడుతుంది?

నాయనమ్మ భయాన్ని మేము కొట్టిపారేయలేదు. ఆ ఉద్యోగం నాలుగేళ్లే. ఆ తరువాత నలుగురిలో ఒకరిని మాత్రమే ఉంచుకుంటారు. చేరేటప్పటికి పెళ్లి కాకుండా ఉండాలి. తిరిగి వచ్చేసరికి పిల్లకు ఇరవై రెండు ఇరవై మూడేళ్లు వస్తాయి, మన వైపు ఆ వయసు దాటితే సంబంధాలు చూసేవారు ఏమంటారో మాకూ తెలుసు. ఈ లెక్కలన్నీ ఆ పిల్లను కూర్చోబెట్టి చెప్పాము. చెప్పాక కూడా వెళ్తానంది. అప్పుడు మేము ఆమె పక్షానే మాట్లాడాము. సంఘ కాపరులుగా మాకు ఇది ఇంటి సంగతి, మాకెందుకులే అనిపించలేదు. ఆ వయసు మగపిల్లాడు ఆర్మీకి వెళ్తానంటే మందిరంలో ముందుకు పిలిచి చేతులుంచి ప్రార్థించి పంపాము, అందరూ ఆమేన్ అన్నారు. ఆడపిల్ల దగ్గర మాత్రం పెళ్లి లెక్క వేయడం దేవుని లెక్క అని మేము నమ్మము.

ఇక చేయవలసిన పని. వచ్చే నెల నుంచి మన సంఘంలో ఏ తల్లి ప్రభువునందు నిద్రించినా, కార్డు అచ్చుకు ఇచ్చేముందు ఒకసారి మాకు చూపించండి. ఆమె పేరు ఆమె పేరుగా పెద్ద అక్షరాల్లో ఉండాలి. కింద ఆమె చేసిన పని ఉండాలి. కూలి అయితే కూలి అనే వేయండి, నాట్లు వేసే చేయి చిన్న చేయి కాదు. సాక్ష్యం చెప్పేవారు దయచేసి ఆమె చేతి పనికి సంబంధించిన ఒక వస్తువు ఏదైనా తీసుకురండి, యొప్పేలో తెచ్చినట్టు. తట్ట కావచ్చు, కుట్టుమిషను మీద ఆమె కుట్టిన జాకెట్టు కావచ్చు, అంగన్‌వాడీ రిజిస్టరు కావచ్చు. బల్ల మీద పెడదాము.

బ్రతికున్నవారి కోసం గురువారం స్త్రీల కూడికలో ఇప్పటికే మొదలుపెట్టాము. వారానికి ఒక పెద్దావిడ తాను నేర్చుకున్న మొదటి పని ఏది, ఎవరు నేర్పారు, దానిలో దేవుడు ఎలా కాపాడాడు అని పది నిమిషాలు చెబుతారు. మొదటి వారం నోరు విప్పడానికి ఎవరూ రాలేదు. రెండో వారం ఒకామె వల అల్లడం గురించి మొదలుపెట్టి పావుగంట దాటినా ఆపలేదు, మేము కూడా ఆపమనలేదు. పై చెప్పిన నాయనమ్మ గారిని కూడా అడిగాము. ఇంకా ఒప్పుకోలేదు. అయితే మొన్న ఆరాధన అయ్యాక గుమ్మం దగ్గర ఆగి ఒక మాట అడిగారు. ఆ చిల్కా అనే చోట నీళ్లు లోతా, మన కొల్లేరులాగా గెడ అందే నీళ్లేనా అని. అది కూడా మన కొల్లేరు లాంటి సరస్సేనమ్మా, సముద్రం పక్కనే ఉంటుంది అని చెప్పాము. ఇంకేమీ అనకుండా వెళ్లారు.

ఆ బిడ్డ పరీక్ష కోసం, ఆ ఇంట్లో సమాధానం కోసం ప్రార్థించండి. పేరు అడగవద్దు. దేవునికి తెలుసు.

ప్రభువు సేవలో,
మీ కాపరులు, ఆకివీడు